సూర్యుడు దిగేలోపు గేటు చేరాలి: నమీబియాలో ఇంటిల్లిపాదీ టెంటు ప్రయాణం

నమీబియాలో సొంతంగా బండి నడుపుకుంటూ, టెంట్లలో పడుకుంటూ తిరగాలనుకునేవాళ్ళు విమానం టికెట్ల కన్నా ముందు రెండు చోట్ల జాగా ఉందో లేదో చూసుకోవాలి. ఒకటి సోసస్‌వ్లే ఇసుక దిబ్బల దగ్గరి సెస్రియెమ్ క్యాంపు. రెండోది ఎటోషా నేషనల్ పార్కులోని ఒకాకుయో. రెండూ ప్రభుత్వ సంస్థ నమీబియా వైల్డ్‌లైఫ్ రిసార్ట్స్ చేతిలోవే. జూలై, ఆగస్టుల్లో యూరప్ జనం దిగుతారు కాబట్టి అప్పటికి నెలల ముందే నిండిపోతాయి. ఈ రెండూ దొరికిన తేదీలను పట్టుకుని మిగతా ఊళ్ళను వాటి చుట్టూ అమర్చుకోవడమే.

మేం దసరా సెలవులు ఎంచుకున్నాం. అక్కడ వానలు ఏప్రిల్‌కల్లా ఆగిపోతాయి. అక్టోబరు నాటికి అడవిలో నీళ్ళన్నీ ఎండి, మిగిలిన గుంటల దగ్గరికే జంతువులు రాక తప్పదు. మన వేసవి సెలవుల్లో వెళ్తే చల్లగా ఉంటుంది గానీ గడ్డి ఇంకా నిలువెత్తునే ఉంటుంది, నీళ్ళకు కరువుండదు. సింహం పది అడుగుల్లో పడుకున్నా కనపడదు. ఎండ భరించగలిగితే దసరానే నయం.

మేం ఐదుగురం. నేను, మా ఆయన, పెద్దది, చిన్నోడు, మా మామయ్యగారు. మామయ్య ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఎక్కువ కాలం శ్రీశైలం ఘాట్‌లోనే బస్సు నడిపారు. మా ఆయన కంప్యూటర్లో రంగు రంగుల గడులతో ఒక ప్లాను వేశాడు. దక్షిణాన ఫిష్ రివర్ కాన్యన్, ఉత్తరాన అంగోలా సరిహద్దులో ఎపూపా జలపాతం, మధ్యలో మిగతావన్నీ. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసి ఒక్కటే అడిగారు.

"విండ్‌హుక్ నుంచి సెస్రియెమ్ మూడొందల ఇరవై కిలోమీటర్లా? రోడ్డేం రోడ్డు?"

"కొంత తారు, మిగతాది కంకర, నాన్నా. మ్యాపులో నాలుగు గంటలని చూపిస్తోంది."

"ఆరు రాసుకో. అక్కడ పొద్దెప్పుడు గూకుతుంది?"

అక్టోబరులో ఏడింటికి కాస్త ముందు. ఆయన ఒక తెల్లకాగితం మీద అడ్డగీతలు కొట్టి, బయలుదేరే టైము, చేరే టైము, డీజిలు ఎక్కడ, నీళ్ళెక్కడ, గేటు ఎప్పుడు మూస్తారు అని రాసుకుంటూ పోయారు. చేరే టైము నాలుగు దాటిన రోజల్లా ఒక ఊరు కొట్టేశారు. కాన్యన్ పోయింది, ఎపూపా పోయింది. రాత్రి తొమ్మిదికి దోర్నాల గేటు వేసేస్తే తెల్లారేదాకా అక్కడే పడుండాల్సిన బతుకు బతికిన మనిషి. ఆయనతో వాదన పెట్టుకుని గెలవలేం. అద్దెబండి కాగితాలు చూశాక ఆయనే రైటని తేలింది. చీకట్లో నడిపితే బీమా వర్తించదు. కంకర మీద 80 దాటకూడదు, దాటితే బండిలోని యంత్రమే పట్టిస్తుంది.

లైసెన్సులతో పాటు ఆర్టీఏ వాళ్ళిచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు తీసుకున్నాం. పిల్లల జనన ధ్రువపత్రాలు కూడా పెట్టుకున్నాం. దక్షిణాఫ్రికా వైపు దేశాల్లో మైనర్లు ఉంటే అవి అడుగుతారు. అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి, అదో నెమ్మది.

శనివారం, విండ్‌హుక్

టయోటా హైలక్స్, డబుల్ క్యాబ్. పైకప్పు మీద మడతపెట్టిన టెంట్లు రెండు, నిచ్చెనలతో సహా. మామయ్యను నిచ్చెన ఎక్కించడం ఎందుకని ఆయనకు నేల మీద వేసే టెంటు విడిగా అడిగాం. వెనక పెట్టెలో ఫ్రిజ్జు, గ్యాసు సిలిండరు, మడత కుర్చీలు, గిన్నెలు, గాలి కొట్టే కంప్రెసరు. స్టెప్నీ టైర్లు రెండు. రెండు ఎందుకన్నది తర్వాత తెలిసింది.

బండి అప్పగించే కుర్రాడు అన్నీ చూపించడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్ని తొందరపెట్టకండి. టెంటు మీ చేత్తో విప్పి, మీ చేత్తో మడిచి చూడండి. ఫ్రిజ్జు ఇంజిను ఆపాక కూడా రెండో బ్యాటరీ మీద నడుస్తోందా, జాకీ లేస్తోందా, వీల్ స్పానరు నట్టుకు సరిపోతోందా చూడండి. మామయ్య బండి కిందికి దూరి వెల్లకిలా పడుకున్నారు. కుర్రాడు కంగారుపడ్డాడు గానీ, ఆయన లేచి టైరు పక్కగోడ మీద చిన్న చీలిక చూపించేసరికి మారుమాట లేకుండా టైరు మార్చాడు. అద్దానికీ టైర్లకూ వేరే బీమా ఉంటుంది, అదీ కట్టేయండి. ఎదురుబండి చిమ్మే కంకరకు అద్దం పగలడం అక్కడ మామూలే.

తర్వాత సూపర్‌మార్కెట్టు. బియ్యం దొరికింది, కందిపప్పు ఇంటినుంచే తెచ్చాం. ఐదు లీటర్ల నీళ్ళ డబ్బాలు, కట్టెల మోపులు, గుడ్లు, ఉల్లిగడ్డలు, మొక్కజొన్న పిండి. ఆ పిండితో అక్కడివాళ్ళు వండుకునే పాప్ మా జొన్న సంకటికి తమ్ముడిలా ఉంటుంది. నమీబియా డాలరూ దక్షిణాఫ్రికా ర్యాండూ సరిసమానం, రెండూ చెల్లుతాయి.

ఆదివారం, సెస్రియెమ్

రెహోబోత్ దాకా నున్నటి తారు. అక్కడ కుడికి తిరిగాక కాసేపటికి కంకర మొదలైంది. గులకరాళ్ళ రోడ్డు అనుకుంటాం గానీ అసలు బాధ రాళ్ళతో కాదు. రోడ్డంతా అడ్డంగా సన్నటి అలలు తేలి ఉంటుంది. బండి, గిన్నెలు, పళ్ళు, మాటలు అన్నీ ఒకేసారి వణుకుతాయి. దిగి నాలుగు టైర్లలోనూ కొంచెం గాలి తీశాం. కుదుపు సగానికి తగ్గింది.

"వంపులో బ్రేకు మీద కాలెయ్యకురా. ముందే గేరు తగ్గించు" అని పక్క సీట్లోంచి మామయ్య. అక్కడ జరిగే ప్రమాదాల్లో చాలావరకు ఎదురుబండిని గుద్దుకున్నవి కావు. వేగంగా పోతూ కంగారుగా స్టీరింగు తిప్పి బోల్తా కొట్టినవే. ఎదురుగా దుమ్ము లేస్తే వేగం తగ్గించి ఎడమకు జరగాలి. ఆ దుమ్ము అణిగేదాకా ముందేముందో తెలియదు.

సాలిటేర్ అని ఊరి పేరు. పెట్రోలు బంకు, బేకరీ, ఇసుకలో తుప్పుపట్టిన పాతకార్లు, అంతే. అందరూ అక్కడ యాపిల్ పై తింటారు, మేమూ తిన్నాం. ట్యాంకు సగముందని మా ఆయన ముందుకు పోబోతే మామయ్య ఒప్పుకోలేదు. బంకు కనపడితే నింపడమే.

కాగితం మీద నాలుగు అని ఉంది, నాలుగుంబావుకు చేరాం. క్యాంపులో ఒక్కో కుటుంబానికి ఒక్కో పెద్ద తుమ్మజాతి చెట్టు, దాని చుట్టూ రాళ్ళ గోడ, కట్టెలు కాల్చే గుండం, కుళాయి. దారిలో చూసిన ఇలాంటి చెట్ల మీద గడ్డివాములంత గూళ్ళున్నాయి. మన గిజిగాడు ఇంటికో గూడు కడితే, ఇక్కడి సోషబుల్ వీవర్ పిట్టలు వందలకొద్దీ కలిసి ఒకే కప్పు కింద కాపురం పెడతాయి. పెసరపప్పు కిచిడీ, ఆవకాయ. గాలికి కిచిడీలో ఇసుక పడింది, ఎవరూ పట్టించుకోలేదు.

సోమవారం, సోసస్‌వ్లే

సెస్రియెమ్ క్యాంపు కోసం అంత పాకులాడింది ఎందుకో ఈ రోజు తెలుస్తుంది. బయట లాడ్జీల్లో దిగినవాళ్ళకు గేటు సూర్యోదయానికి తీస్తారు. లోపల క్యాంపులో ఉన్నవాళ్ళకు రెండో గేటు ఒక గంట ముందే తీస్తారు. ఆ గంటలో అరవై కిలోమీటర్ల తారురోడ్డును, జంతువులు అడ్డమొస్తాయని మెల్లగా దాటేసి, మొదటి వెలుగుకు దిబ్బల దగ్గర ఉండొచ్చు.

తారు అయిపోయాక చివరి ఐదు కిలోమీటర్లు మెత్తటి ఇసుక. టైర్లలో గాలి 18 పీఎస్‌ఐ దాకా దించి, ఫోర్ వీల్ వేసి, ఎక్కడా ఆగకుండా ఒకే ఊపులో పోవాలి. ఇక్కడ స్టీరింగు మామయ్య తీసుకున్నారు. దారిలో కూరుకుపోయిన బండ్లు రెండు కనిపించాయి, టైర్లు చూస్తే గాలి నిండుగా ఉంది. ధైర్యం చాలనివాళ్ళకు అక్కడ షటిల్ జీపులున్నాయి, ఎక్కితే నామోషీ ఏం లేదు.

ఇక్కడి డెడ్‌వ్లేను ఫొటోల్లో అందరూ చూసే ఉంటారు. తెల్లటి బంకమట్టి నేల, నల్లటి మొండి చెట్లు, వెనక ఎర్రటి దిబ్బ. ఒకప్పుడు త్సౌచాబ్ నది వరదనీళ్ళు ఇక్కడిదాకా వచ్చేవి. దిబ్బలు దారికి అడ్డం పడ్డాక నీళ్ళు రాక చెట్లు చచ్చిపోయాయి. చచ్చి ఆరేడు వందల ఏళ్ళయినా కుళ్ళడానికి గాలిలో తేమ లేక అలాగే నిలబడి ఉన్నాయి. పిల్లలూ వాళ్ళ నాన్నా బిగ్ డాడీ దిబ్బ ఎక్కారు. మూడొందల మీటర్లకు పైనే ఎత్తు, రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి. దిగేటప్పుడు మాత్రం ఐదు నిమిషాల్లో పరుగున కిందికొచ్చేశారు. నేనూ మామయ్యా నీడ కోసం ఒక మొండి చెట్టు పక్కన కూర్చున్నాం. చెట్టును ముట్టుకోవద్దని బోర్డుంది. పదింటికల్లా నేల కాలింది, వెనక్కి తిరిగాం. ఈ నమీబ్ ఇసుక సముద్రాన్ని 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మంగళవారం, స్వాకోప్‌ముండ్

ఇది పొడవైన రోజు, మూడొందల నలభై కిలోమీటర్లు, దాదాపు అంతా కంకర. మకరరేఖ బోర్డు దగ్గర దిగి ఫొటో తీసుకున్నాం. కుయిసెబ్ కనుమ దాటాక గంటలకొద్దీ చదునైన నేల, చెట్టు లేదు పుట్ట లేదు. వాల్విస్ బే ఉప్పునీటి మడుగులో గులాబీరంగు ఫ్లెమింగోలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. మన పులికాట్‌కు వచ్చేవాటి చుట్టాలే. అక్కడినుంచి స్వాకోప్‌ముండ్ చేరేసరికి స్వెట్టర్లు తీయాల్సి వచ్చింది. అంటార్కిటికా వైపు నుంచి వచ్చే చల్లటి బెంగ్వెలా ప్రవాహం వల్ల ఈ తీరంలో ఎడారి పక్కనే పొగమంచు పడుతుంది. ఆ రాత్రి టెంటు మానేసి గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. పిల్లలున్నప్పుడు మధ్యలో ఒక రాత్రి వేడినీళ్ళూ, బట్టలుతుక్కునే మిషనూ ఉండేలా ప్లాను చేసుకోవడం మంచిది.

ఊరంతా పాత జర్మన్ భవనాలు, ముచ్చటగా ఉంటాయి. కానీ సమాధుల తోట దాటి అంచుకు వెళ్తే పేర్లు లేని మట్టిదిబ్బలు వరసగా ఉంటాయి. జర్మన్ పాలనలో 1904 నుంచి 1908 దాకా హెరెరో, నామా జనాన్ని ఊచకోత కోశారు. ఎడారిలోకి తరిమారు, మిగిలినవాళ్ళను నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. అలాంటి శిబిరం ఈ ఊళ్ళోనూ ఉండేది. అది జాతిహననమేనని జర్మనీ ప్రభుత్వం 2021లో గాని ఒప్పుకోలేదు. పెద్దది, "ఇదంతా మా టెక్స్ట్ బుక్కులో ఎందుకు లేదు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

బుధవారం, స్పిట్జ్‌కొప్

చిన్న ప్రయాణం, మధ్యాహ్నానికే చేరాం. చదును నేలలోంచి ఒక్కసారిగా లేచిన గ్రానైటు కొండలు, పెద్దదాని శిఖరం 1,728 మీటర్లు. హైదరాబాదు బండరాళ్ళ మధ్య పెరిగిన మా పిల్లలు ఏ బండ ఎలా ఎక్కాలో ఎవర్నీ అడగలేదు. క్యాంపును అక్కడి ఊరివాళ్ళే నడుపుతారు. కరెంటు లేదు, మకాం దగ్గర కుళాయి లేదు, నీళ్ళు మనమే తెచ్చుకోవాలి. పక్క మకాం ఎవరిదో కనపడనంత దూరం.

నవరాత్రుల రోజులు కాబట్టి చంద్రుడు సగమే, అర్ధరాత్రి దాటాక దిగిపోయాడు. త్రిశంకు నక్షత్రాలు చూపిస్తానని మా ఆయన పిల్లలకు ఇంటి దగ్గరే మాటిచ్చాడు. అక్టోబరులో అవి పొద్దుగూకుతూనే కిందికి జారిపోతాయి. వాటికి బదులు తెల్లవారుజామున లేచి దక్షిణాన రెండు తెల్లటి మసకలు చూశాం. మెగలానిక్ మేఘాలు, మన పాలపుంత పక్కనున్న వేరే గెలాక్సీలు.

గురువారం, ట్వైఫెల్‌ఫొంటైన్

ఊయిస్ దాటాక పంక్చరు. ముందు చప్పుడు మారింది. మామయ్య "ఆపరా, వెనక ఎడమది" అన్నారు. దిగి చూస్తే అదే.

ఆయన చిన్నోణ్ణి పిలిచారు. "రా, నీకూ పని రావాలి." ముందు నేల గట్టిగా ఉన్నచోటికి బండిని పది గజాలు జరిపించారు. హ్యాండ్‌బ్రేకు, ఫస్టు గేరు, ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు. జాకీ కింద ఒక చెక్క పలక. బండి లేవకముందే నట్లు వదులు చేయాలని, లేచాక తిప్పితే చక్రం తిరుగుతుందని వాడికి చూపించారు. వాడు స్పానరు మీద ఎక్కి నిలబడితే గాని మొదటి నట్టు కదల్లేదు. బిగించేటప్పుడు వరసగా కాదు, ఎదురెదురువి. వాడి చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి, మొహం మాత్రం వెలిగిపోయింది. నలభై నిమిషాలు. రోజూ గంట మిగులు ఎందుకుంచారో అప్పుడు అర్థమైంది. దారిన పోయే ప్రతి బండీ ఆగి "సాయం కావాలా" అని అడిగింది.

ట్వైఫెల్‌ఫొంటైన్‌లో ఎర్రరాతి పలకల మీద వేటగాళ్ళు వేల ఏళ్ళనాడు చెక్కిన రెండువేలకు పైగా బొమ్మలున్నాయి. గైడు లేనిదే వెళ్ళనివ్వరు. ఒక సింహానికి తోక చివర కూడా పంజా చెక్కారు. రాత్రి ఎండిపోయిన ఏటి ఒడ్డున మకాం. ఏనుగులు నడిచే దారి, పళ్ళు బయట ఉంచొద్దని ముందే చెప్పారు. రాలేదు గానీ, పొద్దున్నే పేడ కనపడింది.

శుక్రవారం, ఒకాకుయో

ఖోరిక్సాస్‌లో టైరుకు పంక్చరు వేయించాం. ఔట్‌జోలో సరుకులు, నిమ్మకాయలు కొన్నాం. మూడున్నరకు ఎటోషా ఆండర్సన్ గేటు. 1907లో ఏర్పడ్డ పార్కు ఇది. లోపల 60 దాటకూడదు, కంచె వేసిన చోట్ల తప్ప బండి దిగకూడదు. సూర్యాస్తమయానికి క్యాంపు గేటు పడిపోతుంది.

ఒకాకుయోలో క్యాంపు కంచె పక్కనే నీటిగుంట, రాత్రంతా దానిమీద పసుపు దీపాలు. చిన్న రాతిగోడ, ఇవతల బెంచీలు. తొమ్మిదింటికి మొదటి నల్ల ఖడ్గమృగం వచ్చింది. వెలుగులోకి రావడానికి ముందు చీకటి అంచున చాలాసేపు ఆగింది. దానికి చూపు తక్కువ, వాసనా వినికిడీ ఎక్కువ. చెవులు ఒక్కోటి ఒక్కో దిక్కుకు తిరుగుతున్నాయి. తర్వాత తల్లీ పిల్లా వచ్చాయి. మొదటిది బుస్సుమని రెండడుగులు ముందుకేసింది, తల్లి కొమ్ము దించింది, అక్కడితో సరి. నీళ్ళు పీల్చే చప్పుడు మా దాకా వినిపించింది. రెండొందలమందిమి ఉన్నామేమో, ఒక్కరు దగ్గలేదు. చిన్నోడు నా చెవిలో, "అమ్మా, పడుకోవడానికి వెళ్ళొద్దు" అన్నాడు. పదకొండు దాటాక ఏనుగులొచ్చి అందర్నీ తరిమేశాయి.

శనివారం, దసరా

పొద్దున్నే బండికి పూజ. కుంకుమ ఇంటినుంచి తెచ్చాం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి మామయ్య బండిని మెల్లగా ముందుకు కదిపారు. పక్క టెంటు డచ్చి దంపతులు కాఫీ కప్పులతో వచ్చి నిలబడి, ఇది దేనికని అడిగారు. "టైర్ సేఫ్టీ" అన్నారు మామయ్య. పంక్చరు కథ చెప్పాక వాళ్ళూ ఒక నిమ్మకాయ అడిగి తీసుకున్నారు.

నేను సిద్దిపేట దాన్ని. దసరానాడు పాలపిట్ట కనపడాలి మాకు. నెబ్రౌనీ గుంట దగ్గర ఏనుగుల మంద కోసం అందరూ కిటికీలకు అతుక్కుపోతే, నేను ముళ్ళకంప మీద దాన్ని చూశాను. ఊదారంగు రొమ్ము, ఎగిరితే అదే నీలం. లైలాక్ బ్రెస్టెడ్ రోలర్ అంటారు, మన పాలపిట్ట ప్రజాతిదే. అందర్నీ బలవంతాన ఇటు తిప్పి దండం పెట్టించాను. మా ఆయనకు ఆ లోపు ఏనుగుపిల్ల నీళ్ళలో జారిపడటం తప్పిపోయింది, సాయంత్రం దాకా సణిగాడు.

ఎటోషాలో పదిగుంటలు తిరిగేకన్నా ఒక్కదాని దగ్గర ఇంజినాపి రెండు గంటలు కూర్చుంటే ఎక్కువ కనపడుతుంది. పిల్లలకు ఒక బైనాక్యులరు, ఒక బొమ్మల పుస్తకం, తినడానికి మురుకులు ఉంటే చాలు. రీట్‌ఫొంటైన్ దగ్గర అలా కూర్చుంటేనే రెండు ఆడసింహాలు పొదలోంచి లేచాయి. మేం వచ్చినప్పటినుంచీ అక్కడే ఉన్నాయన్నమాట. రాత్రి హలాలి క్యాంపులో హనీ బ్యాడ్జర్ చెత్తడబ్బా పడేసింది. చెప్పులు కూడా బండిలోనే పెట్టుకోవాలి, నక్కలు ఎత్తుకుపోతాయి.

ఆదివారం, నముతోనీ

ఎటోషా పాన్ అంచునే దారి. దాదాపు 4,800 చదరపు కిలోమీటర్ల ఉప్పుచవుడు, ఎండమావులు తప్ప ఏమీ లేదు. నముతోనీలో తెల్లటి జర్మన్ కోట. ఎండ విపరీతం, జంతువులన్నీ నీడ పట్టాయి, మేమూ పట్టాం.

సోమవారం, తిరుగుదారి

త్సుమెబ్, ఓచివరొంగో మీదుగా విండ్‌హుక్‌కు ఐదొందలకు పైగా కిలోమీటర్లు, అంతా తారే. రోడ్డంచున అడవిపందులు గడ్డి మేస్తుంటాయి, ఉన్నట్టుండి దాటతాయి, కాబట్టి ఇక్కడా నిద్రమొహంతో నడపకూడదు. ఫ్రిజ్జులో మాంసం ఉంటే ముందే వండేసుకోండి. పశువుల జబ్బుల భయంతో ఉత్తరం నుంచి దక్షిణానికి పచ్చిమాంసం దాటనివ్వని తనిఖీలున్నాయి.

బండి అప్పగించేటప్పుడు అదే కుర్రాడు వచ్చాడు. మామయ్య తన కాగితం తీసి, పంక్చరు ఎక్కడయింది, ఎన్నో కిలోమీటరు దగ్గర, గాలి ఎంత పెట్టామన్నదీ వరసగా చదివారు. వాడు దాన్నీ ఫొటో తీసుకున్నాడు. విమానం కోసం కూర్చున్నప్పుడు ఆ కాగితం వెనకవైపు కొత్త గీతలు పడ్డాయి. ఈసారి ఒకాకుయోలో రెండు రాత్రులు, స్పిట్జ్‌కొప్‌లో రెండు, నముతోనీ కొట్టివేత. కింద మా ఆయన చిన్న అక్షరాల్లో ఎపూపా అని రాశాడు. మామయ్య దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి, "రోడ్డేం రోడ్డు?" అన్నారు.